గలగండము నుండి సూదిపరీక్ష వరకు

మెడమీద, గొంతుముడికి కొంచెము దిగువగా, ఒకనాడు చేతికి చిన్న గడ్డ తగులును. నొప్పి యుండదు, జ్వరముండదు. గుటక వేసినప్పుడు అది పైకి లేచి మరల క్రిందికి దిగును. అద్దము ముందు నిలిచి గొలుసు సరిచేసికొనుచున్న ఇల్లాలు తరచుగా దానిని మొదట గమనించును. ఆ దినము మొదలు ఆ యింటివారి మనస్సులను ఒక్క ప్రశ్నయే పట్టి పీడించును: ఇది రాచపుండు కాదు గదా?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. దీనికి సమాధానము చెప్పుటకై వైద్యులు తరతరములుగా పాటుపడుచున్నారు. ఆ ప్రయత్నమున వారు రెండు విధములుగా పొరబడిరి. ఒకప్పుడు ప్రమాదకరమైన గడ్డను గుర్తింపలేకపోయిరి. మరియొకప్పుడు నిరపాయమైన గడ్డను చూచి భయపడి కోసివేసిరి. గడ్డను కనుగొనుట సులభమే. దానిని తీసివేయుటయు కాలక్రమమున సులభమయ్యెను. ఏ గడ్డను తీయవలెను, ఏ గడ్డను తాకక విడువవలెను అను వివేకము మాత్రము మిక్కిలి ఆలస్యముగా లభించెను. ఆ వివేకము లభించిన చరిత్ర తెలిసికొనదగినది.

మన ప్రాచీన వైద్యగ్రంథములలో ఈ వ్యాధికి గలగండమని పేరు. సుశ్రుతసంహిత నిదానస్థానమున పదునొకండవ అధ్యాయము గ్రంథి, అపచి, అర్బుదము, గలగండము అను నాలుగింటిని ఒక్కచోట చేర్చి చెప్పుచున్నది. నాలుగును చూపునకు గడ్డలే. అయినను వేటికవి వేరుగా గుర్తింపదగినవని ఆచార్యుని తాత్పర్యము. గలగండమును వాతము, కఫము, మేదస్సు అను కారణములనుబట్టి మూడు తెగలుగా విభజించి, తుదకు ఏ రోగిని చికిత్సకు స్వీకరింపరాదో కూడ ఆ గ్రంథము చెప్పినది. ఊపిరి తీయుటకు కష్టపడువాడు, వ్యాధి పుట్టి సంవత్సరము దాటినవాడు, అన్నము సహింపనివాడు, కృశించినవాడు, కంఠస్వరము మారినవాడు - ఇట్టివానిని వైద్యుడు విడువవలెనట.

ఈ చివరి లక్షణము మిక్కిలి గమనింపదగినది. కంఠస్వరమును నడపు నరము థైరాయిడు గ్రంథికి వెనుకభాగమున ప్రాకుచు పోవును. నిరపాయమైన గడ్డ సాధారణముగా ఆ నరమును ప్రక్కకు నెట్టునే గాని చెరుపదు. కాన్సరు గడ్డ దానిలోనికి చొచ్చుకొనిపోయి గొంతు బొంగురుపోవునట్లు చేయగలదు. నేటి వైద్యుడును మెడగడ్డతో వచ్చిన రోగిని అడుగు తొలి ప్రశ్నలలో, గొంతు మారినదా అనునది యొకటి. ప్రాచీనులకు ఈ నరము సంగతి యంతయు తెలిసియుండెనని చెప్పుట అతిశయోక్తి యగును. సూక్ష్మదర్శిని లేని కాలమున కన్నులనే, చెవులనే సాధనములుగా చేసికొని ప్రమాదపు గుర్తు నొకదానిని వారు పట్టుకొనిరనుట మాత్రము యథార్థము.

ఐరోపా ఖండమున ఆల్ప్స్ పర్వతసానువులలోని ప్రజలకును ఈ వ్యాధి చిరపరిచితమే. 1656వ సంవత్సరమున థామస్ వార్టన్ అను ఆంగ్ల వైద్యుడు ఈ గ్రంథికి థైరాయిడు అను పేరు పెట్టెను. డాలు అను అర్థము గల గ్రీకు పదము దానికి మూలము. తెలుగు పాఠ్యగ్రంథములు దీనినే అవటుగ్రంథి యని వ్యవహరించినవి. పేరు పెట్టబడెను గాని ప్రయోజనము తెలియలేదు. మెడకు గుండ్రదనమును అందమును ఇచ్చుట దాని ప్రయోజనములలో నొకటియని వార్టన్ తలంచెను. పందొమ్మిదవ శతాబ్దపు చివరిభాగము వరకును వైద్యులకు దీని నిజమైన పని స్పష్టము కాలేదు.

పని తెలియని అవయవమును కోయుట సాహసమే. పైగా ఈ గ్రంథికి రక్తనాళములు విస్తారముగా నుండును. కత్తి తగిలిన చోటనెల్ల రక్తము వెల్లువయై పొంగును. ఫిలడెల్ఫియా నగరపు ప్రసిద్ధ శస్త్రవైద్యుడు సామ్యుయెల్ గ్రాస్, వివేకము గల వైద్యుడెవ్వడును ఈ పనికి పూనుకొనరాదని 1866లో హెచ్చరించెను. ఆ కాలమున మెడగడ్డ ప్రమాదమా కాదా యను విచారణకు అవకాశమే లేదు. కోయుటయే మరణముతో సమానమైనపుడు, ఎట్టి గడ్డయైనను విడిచిపెట్టుటయే మార్గము.

ఈ స్థితిని మార్చినవాడు స్విట్జర్లండు దేశమున బెర్న్ నగరవాసి థియొడోర్ కోకర్. 1872లో అచట శస్త్రవైద్యాచార్యుడైన ఈయన శుచిత్వమునకును, రక్తనాళములను ఒక్కొక్కదానిని పట్టి ముడివేయుటకును ప్రాధాన్యమిచ్చి, నెమ్మదిగా, ఓపికతో పనిచేసెను. తొలిదినములలో నూటికి పదిమందికి పైగా మరణించుచుండగా, ఆయన జీవితాంతమునకు ఆ సంఖ్య నూటికి ఒక్కరికన్న తక్కువకు దిగెను. అయితే విజయము వెంటనే ఒక విషాదము కూడ బయటపడెను. గ్రంథిని పూర్తిగా తీసివేసిన రోగులను కొంతకాలమైన పిదప పిలిపించి చూడగా, వారిలో పెక్కురు ముఖములు ఉబ్బి, బుద్ధి మందగించి, చలికి వణకుచు, సోమరులవలె కనబడిరి. ఎదుగు వయస్సులోని పిల్లలు ఎదుగుట మానిరి. కోకర్ ఈ సంగతిని దాచలేదు. 1883లో వైద్యుల సభలో తానే చదివి వినిపించెను; మరి యెన్నడును నిరపాయమైన గడ్డ కొరకు గ్రంథినంతయు తీయరాదని నిశ్చయించుకొనెను. తన తప్పును తానే లోకమునకు చెప్పిన ఈ నిజాయితీ వలననే థైరాయిడు గ్రంథి శరీరమునకు ఎంత అవసరమో లోకమునకు తెలిసెను. 1909లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను.

గడ్డ యేల పుట్టునను ప్రశ్నకు సమాధానము రసాయనశాస్త్రము నుండి వచ్చెను. 1811లో సముద్రపు నాచు బూడిదనుండి అయొడిను కనుగొనబడెను. 1820లో జెనీవా వైద్యుడు క్వాండే దానిని గలగండమునకు మందుగా వాడెను. 1895లో బౌమన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు థైరాయిడు గ్రంథిలోనే అయొడిను కలదని నిరూపించెను. ఆహారమున అయొడిను చాలనప్పుడు గ్రంథి ఉన్న కొద్దిపాటిని పట్టుకొనుటకై తన్ను తాను పెంచుకొనును. కొన్నాళ్లు పెరుగును, కొన్నాళ్లు తగ్గును. ఈ పెరుగుట తగ్గుటల నడుమ ఒకచోట గట్టిపడి, ఒకచోట నీరుపట్టి, క్రమముగా గడ్డలు గడ్డలుగా మారును. కావున లోకములోని మెడగడ్డలలో అధికభాగము కాన్సరు ఫలితము కాదు, లోపము ఫలితము.

ఈ సత్యమును భారతదేశమున పరీక్షించి నిలిపిన ఘనత ఒక ఆంధ్రునికి దక్కినది. హిమాలయపు దిగువ ప్రాంతములయందు, కాశ్మీరము మొదలు ఈశాన్య సరిహద్దు వరకు, గలగండము అనాదిగా వ్యాపించియున్నది. మంచునదులును వర్షములును నేలలోని అయొడినును కడిగి సముద్రమునకు చేర్చుట దీనికి కారణము. ఇరువదవ శతాబ్ది ఆరంభమున గిల్గిట్‌లో పనిచేసిన రాబర్ట్ మెక్‌కారిసన్, ఒకే కాలువ వెంట నున్న గ్రామములలో ఎగువవానికంటె దిగువవానిలో ఈ వ్యాధి హెచ్చుగా నుండుట గమనించి, కలుషితమైన నీరే కారణమని భావించెను. ఆ మెక్‌కారిసనే పిమ్మట కూనూరులో పోషకాహార పరిశోధనమునకు పునాది వేసెను. 1958లో హైదరాబాదునకు తరలివచ్చి నేడు జాతీయ పోషకాహార సంస్థగా వెలుగొందుచున్నది ఆ పరిశోధనశాలయే.

ఆ కూనూరు పరిశోధనశాలలో పనిచేసినవారిలో డాక్టరు వులిమిరి రామలింగస్వామిగారు ఒకరు. 1921లో శ్రీకాకుళమున జన్మించి, విశాఖపట్టణమున ఆంధ్ర వైద్యకళాశాలలో చదివి, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున పరిశోధనపట్టము పొందిన వీరు వృత్తిచే రోగనిదానశాస్త్రజ్ఞులు. అనగా వ్యాధిగ్రస్తమైన కణజాలమును సూక్ష్మదర్శినిలో పరిశీలించి వ్యాధిని నిర్ణయించువారు. 1956లో, అప్పటికి పంజాబు రాష్ట్రములోనిదై యుండిన కాంగ్రా లోయలో, సుమారు లక్షమంది జనాభా గల ప్రాంతమున వీరును సహచరులును ఒక ప్రయోగము ప్రారంభించిరి. ఆ ప్రాంతమును మూడు భాగములుగా విభజించి, రెండు భాగములకు అయొడిను లవణము కలిపిన ఉప్పును, మధ్యనున్న మూడవ భాగమునకు మామూలు ఉప్పును సరఫరా చేయించిరి. ఆరేండ్లు గడచునప్పటికి అయొడిను ఉప్పు తినిన రెండు భాగముల పిల్లలలో గలగండము దాదాపు సగమునకు తగ్గెను. మామూలు ఉప్పు తినినచోట చెప్పుకొనదగిన మార్పు లేదు. ఫలితము తేలిన వెంటనే ఆ మూడవ భాగమునకును అయొడిను ఉప్పు నిచ్చిరి. అచటను వ్యాధి తగ్గుముఖము పట్టెను. 1962లో ప్రారంభమైన జాతీయ గలగండ నిర్మూలన పథకమునకు ఈ ప్రయోగమే బలమైన ఆధారము. నేడు ప్రతి వంటింటిలోను ఉప్పు పొట్లముపై కనబడు అయొడిను అను మాటవెనుక కాంగ్రా లోయ కలదు. కాంగ్రా లోయవెనుక శ్రీకాకుళపు విద్వాంసుని శ్రమ కలదు. వీరు పిమ్మట ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థకు 1969 నుండి 1979 వరకు డైరెక్టరుగా నుండి, ఆపైన 1986 వరకు భారత వైద్యపరిశోధనా మండలికి అధిపతిగా నుండిరి. 2001లో దివంగతులైరి.

ఉప్పు వలన కొండప్రాంతముల గలగండము తగ్గుచుండగా, నగరముల ఆసుపత్రులలో వేరొక భయము తలయెత్తెను. కత్తి నిరపాయకరమైనందున శస్త్రవైద్యులు మెడగడ్డలను ధైర్యముగా తీసివేయసాగిరి. తీసినవానిలో కొన్ని కాన్సరులుగా తేలెను. ఆ సమయముననే, 1950లో, న్యూయార్కు వైద్యులు డఫీ, ఫిట్జెరాల్డు అనువారు థైరాయిడు కాన్సరు సోకిన 28 మంది బాలబాలికల చరిత్రలను పరిశీలించి, వారిలో దాదాపు మూడవ వంతునకు శైశవమున ఛాతీమీద ఎక్స్‌రే చికిత్స జరిగియుండెనని ప్రకటించిరి. శిశువులలో థైమస్ గ్రంథి పెద్దదిగా నుండుట వలన ఊపిరాడదను అపోహతో ఆ దినములలో అమెరికాలో ఆ చికిత్స చేయుచుండిరి. బాల్యమున సోకిన కిరణములకును ఈ కాన్సరునకును గల సంబంధమునకు 1986 ఏప్రిలు 26న జరిగిన చెర్నోబిల్ ప్రమాదము మరియొక ఘోరమైన సాక్ష్యము. అణుధూళిలోని అయొడిను గడ్డిమీద పడి, ఆవుపాల ద్వారా పిల్లల మెడలకు చేరెను. 2005 నాటికి బెలారుస్, ఉక్రెయిన్, రష్యా దేశములలో నాటి బాలబాలికలలో 6,000కు మించిన థైరాయిడు కాన్సరులు నమోదయ్యెను. అనగా భయము నిరాధారము కాదు. మెడగడ్డలలో కాన్సరు కలదు. కాని ఎన్నింటిలో కలదు అనునదే ప్రశ్న.

ఆసుపత్రి లెక్కలనుబట్టి చూచినవారు చాల హెచ్చని అనిరి. వేరొక మార్గమున విచారించినవారికి వేరొక దృశ్యము కనబడెను. 1955లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు, బ్రతికియుండగా మెడలో ఏ దోషమును కనబడని 821 మంది మృతుల థైరాయిడు గ్రంథులను కోసి చూడగా, దాదాపు సగముమందిలో గడ్డలు కనబడెను. ఫ్రామింగ్‌హామ్ అను ఊరిలో ఐదువేలకు పైబడిన జనమును ఏండ్లతరబడి పరీక్షించిన మరియొక బృందము 1968లో తన ఫలితములను ప్రకటించెను. స్త్రీలలో నూటికి 6.4 మందికి, పురుషులలో నూటికి 1.5 మందికి చేతికి తగులు గడ్డలు ఉండెను. పదునైదేండ్లు కనిపెట్టి చూచినను వారిలో ఒక్కరికిని థైరాయిడు కాన్సరు రుజువు కాలేదు.

ఈ రెండు లెక్కలకును ఇంత తేడా యేల? ఆసుపత్రికి వచ్చువారు ఎంపికయై వచ్చినవారు. గడ్డ పెద్దదైనవారు, గట్టిదైనవారు, వైద్యునికి అనుమానము కలిగించినవారు మాత్రమే శస్త్రచికిత్స బల్లమీదికి చేరుదురు. కార్యాలయమునకు చేరిన ఫిర్యాదుల దస్త్రమును మాత్రమే చదివి, దేశమున ఎవ్వరికిని పనులు సాగుటలేదని తీర్మానించుట యెట్టిదో, శస్త్రచికిత్స జరిగిన గడ్డలనుబట్టి గడ్డలన్నిటిని తీర్పుతీర్చుటయు అట్టిదే. చేతికి తగులు గడ్డలలోను, పరీక్షలో బయటపడు గడ్డలలోను నూటికి తొంబదికి పైగా నిరపాయములని నేడు వైద్యులందరును అంగీకరించుచున్నారు. తక్కిన కొద్దిపాటిని కోయకుండనే ఏరుట యెట్లు?

మొదటి సాధనము అణుశాస్త్రము నుండి లభించెను. 1937లో అమెరికాలో సాల్ హెర్ట్జ్, ఆర్థర్ రాబర్ట్స్ అనువారు కుందేళ్లకు కిరణములు వెలువరించు అయొడిను ఇచ్చి, దానిని థైరాయిడు గ్రంథి పట్టుకొనుటను కొలిచిరి. 1951 ప్రాంతమున బెనెడిక్ట్ కాసెన్ నిర్మించిన యంత్రముతో గ్రంథిలో అయొడిను ఎక్కడ చేరినదో చిత్రముగా తీయుటకు వీలు కలిగెను. అయొడినును పట్టుకొను గడ్డను వేడిగడ్డ యనియు, పట్టుకొననిదానిని చల్లనిగడ్డ యనియు పిలిచిరి. వేడిగడ్డలలో కాన్సరు మిక్కిలి అరుదు. అంతవరకు మేలే, కాని గడ్డలలో అధికభాగము చల్లనివే, ఆ చల్లనివానిలోను అధికభాగము నిరపాయములే. ఈ జల్లెడ కన్నములు మరీ పెద్దవి.

రెండవ సాధనము చూచుటకు అల్పమైనది, ఒక సూది. 1930లో న్యూయార్కు మెమోరియల్ ఆసుపత్రిలో హేయెస్ మార్టిన్ అను శస్త్రవైద్యుడు, ఎడ్వర్డ్ ఎల్లిస్ అను ప్రయోగశాలా సహాయకునితో కూడి, గడ్డలలోనికి సూది గ్రుచ్చి కణములను పీల్చి పరీక్షించు పద్ధతిని ప్రకటించెను. అమెరికా వైద్యలోకము దానిని చిరకాలము ఆదరింపలేదు. సూది గ్రుచ్చినచో కాన్సరు ఆ దారివెంట వ్యాపించునని కొందరు భయపడిరి; కొద్దిపాటి కణములను చూచి తీర్పు చెప్పుట తగదని రోగనిదానశాస్త్రజ్ఞులు సందేహించిరి. ఈ పద్ధతిని బ్రతికించినవారు స్వీడను దేశస్థులు. 1952లో సోడర్‌స్ట్రోమ్, 1962లో స్టాక్‌హోమునందు ఐన్‌హార్న్, ఫ్రాన్జెన్ అనువారు సన్నని సూదులతో ఈ పరీక్షను థైరాయిడు గడ్డలకు విరివిగా చేసి, ఫలితములను శస్త్రచికిత్స ఫలితములతో సరిపోల్చి చూపిరి. సన్నని సూది వలన కాన్సరు వ్యాపించుట అత్యంత విరళమని క్రమముగా రుజువయ్యెను. 1970 దశకము మొదలు ఈ పరీక్ష లోకమంతటను వ్యాపించెను. అవలంబించిన చోట్ల శస్త్రచికిత్సల సంఖ్య సుమారు సగమునకు తగ్గెను. శస్త్రచికిత్స జరిగినవారిలో నిజముగా కాన్సరు గలవారి పాలు పెరిగెను. మత్తుమందు అక్కరలేదు, ఆసుపత్రిలో పడుకొనవలసిన పని లేదు, ఖర్చు స్వల్పము. బీదదేశములకు ఇంతకన్న తగిన పరీక్ష మరియొకటి లేదు.

సూదికిని పరిమితి కలదు. థైరాయిడు కాన్సరులలో ఎక్కువగా వచ్చునది పాపిలరీ అనునది. దాని కణముల రూపమే దానిని పట్టిచ్చును. ఫాలిక్యులర్ అను తెగలో మాత్రము నిరపాయమైన గడ్డ కణములును, కాన్సరు కణములును ఒక్కతీరుగనే యుండును. గడ్డచుట్టునున్న పొరను కణములు దాటినవా లేదా అనుటయే భేదము. ప్రహరీగోడనుండి నాలుగు ఇటుకలను తెచ్చి చేతిలో పెట్టినచో, గోడకు కన్నము పడినదో లేదో ఎట్లు చెప్పగలము? గోడనంతయు చూడవలెను, అనగా గడ్డను తీసి చూడవలెను. ఇట్టి సందేహస్థలములలో ఒక్కొక్క ఆసుపత్రి ఒక్కొక్క మాట వాడుచుండెను. ఒకరి అనుమానము మరియొకరికి అనిశ్చయము, వేరొకరికి నిరపాయము. నివేదిక చదివిన శస్త్రవైద్యునికి ఏమి చేయవలెనో తెలియకుండెను.

ఈ గందరగోళమును తొలగించుటకై 2007లో అమెరికాలోని బెథెస్డా పట్టణమున నిపుణులు సమావేశమై సూదిపరీక్ష ఫలితములను ఆరు తరగతులుగా నిర్ణయించిరి. చాలినన్ని కణములు లభింపనిది మొదటిది, నిరపాయము రెండవది, అనిశ్చితము మూడవది, ఫాలిక్యులర్ కణితి నాలుగవది, కాన్సరని అనుమానము ఐదవది, కాన్సరు ఆరవది. తరగతి పేరుతోపాటు ప్రమాదపు పాలును, చేయదగిన పనియు చెప్పుట ఈ పద్ధతిలోని విశేషము. 2023 నాటి సవరణ ప్రకారము రెండవ తరగతిలో నూటికి సగటున 4, మూడవదానిలో 22, నాలుగవదానిలో 30, ఐదవదానిలో 74, ఆరవదానిలో 97 గడ్డలు కాన్సరులుగా తేలును. ఈ అంకెలు ప్రధానముగా శస్త్రచికిత్స జరిగినవారినుండి కూర్చబడినవి గనుక, పూర్వము చెప్పిన ఫిర్యాదుల దస్త్రపు నీతిని ఇచటను మరువరాదు.

ఇంతలో మూడవ సాధనమైన అల్ట్రాసౌండు పరీక్ష సర్వత్ర వ్యాపించెను. అది చేతికి తగులని రెండు మూడు మిల్లీమీటర్ల గడ్డలను కూడ చూపును. చూపుట మేలని అందరును తలంచిరి. అయితే 1985లోనే ఫిన్లండులో హరాఖ్ అను శాస్త్రజ్ఞుడును సహచరులును ఒక హెచ్చరిక చేసియుండిరి. ఇతర కారణములచే మరణించిన 101 మంది థైరాయిడు గ్రంథులను పలుచని ముక్కలుగా కోసి చూడగా, నూటికి 35.6 మందిలో అతిసూక్ష్మమైన పాపిలరీ కాన్సరులు కనబడెను. వారెవ్వరును ఆ కాన్సరుతో బాధపడినవారు కారు. దానితో జీవించి, వేరొకదానితో మరణించినవారు.

ఈ హెచ్చరికను విననిచో ఏమి జరుగునో దక్షిణ కొరియా చూపినది. 1999లో అచట ప్రభుత్వము కొన్ని కాన్సరులకు ఉచిత పరీక్షలు ప్రారంభించెను. థైరాయిడు ఆ జాబితాలో లేకపోయినను, ఆసుపత్రులు స్వల్పపు రుసుముతో మెడకు అల్ట్రాసౌండును కూడ జతపరచెను. 1993తో పోల్చగా 2011 నాటికి థైరాయిడు కాన్సరు నిర్ణయములు పదునైదు రెట్లు పెరిగెను. ఆ ఒక్క సంవత్సరముననే నలువదివేలమందికి పైగా ఈ పేరు తగిలెను. ఆ వ్యాధిచే మరణించువారి సంఖ్య మాత్రము మారలేదు. వేలకొలది జనము గ్రంథిని పోగొట్టుకొని జీవితాంతము మాత్రలు మ్రింగవలసినవారైరి. కొందరికి కాల్షియము లోపము కలిగెను. కొందరికి గొంతు పోయెను. గొంతు బొంగురుపోవుట ఏ వ్యాధికి గుర్తో, ఆ వ్యాధి భయమువలననే గొంతు పోవుట చరిత్రలోని వైపరీత్యము. 2014లో కొరియా వైద్యులే కొందరు ఈ పరీక్షను మానుడని ప్రజలకు బహిరంగముగా విజ్ఞప్తి చేసిరి. సంవత్సరము తిరుగునంతలో శస్త్రచికిత్సలు నూటికి 35 వంతులు తగ్గెను. మన దేశమునందును తిరువనంతపురపు కాన్సరు నమోదు పట్టికలలో స్త్రీలకు ఈ వ్యాధి అనేక ఇతర ప్రాంతముల కంటె చాల హెచ్చుగా కనబడుట వైద్యులను ఆలోచింపజేయుచున్నది.

చూపుతోపాటు తూనికయు కావలెనని అప్పుడు స్పష్టమయ్యెను. 2017లో అమెరికా రేడియాలజీ కళాశాల అల్ట్రాసౌండులో కనబడు ఐదు లక్షణములకు మార్కులు వేయు పద్ధతిని ప్రకటించెను. గడ్డ గట్టిదా నీటితో నిండినదా, చిత్రమున ఎంత నల్లగా కనబడును, వెడల్పుకంటె ఎత్తు హెచ్చా, అంచులు సరిగా నున్నవా, లోపల తెల్లని సూక్ష్మబిందువులు కలవా - ఇవియే ఆ లక్షణములు. మార్కులు కూడి ఐదు తరగతులు. మిక్కిలి అనుమానాస్పదమైన తరగతియైనను ఒక సెంటీమీటరు దాటినచో సూది, మధ్యమమైనచో ఒకటిన్నర, స్వల్పమైనచో రెండున్నర సెంటీమీటర్లు. తక్కినవానికి సూదియే అక్కరలేదు. ప్రతి గడ్డకును సూది యను కాలము అంతటితో గతించినది.

జపానులోని కోబె నగరమున కుమా ఆసుపత్రి వైద్యులు ఇంకొక అడుగు వేసిరి. 1993 నుండి వారు ఒక సెంటీమీటరు మించని పాపిలరీ కాన్సరులను, రోగి సమ్మతితో, వెంటనే కోయక కనిపెట్టి చూచుట ప్రారంభించిరి. 1,235 మంది విషయము 2014లో ప్రకటింపబడినది. పదేండ్లలో నూటికి 8 మందికి గడ్డ పెరిగినది, నూటికి 3.8 మందికి మెడలోని ఇతర గ్రంథులకు ప్రాకినది. అట్టివారికి అప్పుడు శస్త్రచికిత్స చేసిరి. థైరాయిడు కాన్సరుచే ఒక్కరును మరణింపలేదు. 2016లో అంతర్జాతీయ నిపుణుల బృందమొకటి, చుట్టుపొరను దాటని ఒక తెగ గడ్డకు అంతవరకు ఉన్న కాన్సరు అను పేరునే తొలగించెను. గడ్డ మారలేదు, పేరు మారెను. అయినను ఆ పేరు క్రింద భయపడి బ్రతుకుచుండినవారికి అది చిన్న సంగతి కాదు.

ఈ చరిత్రను చదివి మెడగడ్డను ఉపేక్షింపవచ్చునని తలంచుట రెండవ పొరపాటగును. త్వరగా పెరుగు గడ్డ, రాయివలె గట్టియై కదలని గడ్డ, గొంతు మార్పు, మ్రింగుటకు ఊపిరికి కష్టము, మెడప్రక్కన ఇతర గ్రంథుల వాపు, బాల్యమున మెడకు కిరణచికిత్స జరిగియుండుట, రక్తసంబంధులలో ఈ కాన్సరు ఉండుట - వీనిలో ఏ యొక్కటి యున్నను వైద్యుని దర్శించుటలో జాగు తగదు. ఇవి లేనిచోటను గడ్డను ఒకపరి చూపించుకొనుట ఉచితము. అచట చేయదగిన పనులు స్వల్పములు: ఒక రక్తపరీక్ష, ఒక అల్ట్రాసౌండు, అవసరమని తేలినచో ఒక సన్నని సూది. ఆ పిమ్మట, ఆరు మాసములకో సంవత్సరమునకో మరల రండని వైద్యుడు చెప్పినచో, అది నిర్లక్ష్యము కాదు. గిల్గిట్ కాలువలు, కాంగ్రా ఉప్పు, స్టాక్‌హోము సూది, కొరియా వారి కష్టము - వీనియన్నిటి అనుభవము ఆ యొక్క మాటలో ఇమిడియున్నది.

సుశ్రుతుని నాటి వైద్యుడు చేతగాక విడిచిపెట్టెను. కోకర్ నాటి వైద్యుడు చేతనై కోసెను. నేటి వైద్యుడు కోయుట చేతనైనను, తెలిసి విడిచిపెట్టుట నేర్చుకొనుచున్నాడు. అద్దము ముందు నిలిచి మెడను తడుముకొను ఇల్లాలికి ఈ నేర్పు వలన కలుగు మేలు రెండు విధములు: నూటికి తొంబదిమందికి పైగా నిశ్చింతగా నిద్రించుటకు వీలగును, తక్కినవారికి సకాలమున చికిత్స లభించును.